చెరువుల మ్యాప్ పంపితే అవతల ఖాళీగా తెరుచుకుంది: లేయర్లూ డేటా కలిపి ఎలా కట్టి పంపాలి?

గొలుసుకట్టు (ప్రశ్న)

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పెద్దది, ఓపికగా చదవమని మనవి.

వరంగల్ వైపు ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తాను. ఆకేరులో కలిసే ఓ చిన్న వాగు మీద, పై నుంచి కిందికి గొలుసుకట్టుగా 41 చెరువులున్నాయి. రెండు ఎండాకాలాలు నేనూ, మాతో ఉన్న ఇద్దరు పిల్లలూ ప్రతి కట్టనూ ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాం. తూములు ఎక్కడున్నాయి, అలుగు ఎటు పారుతుంది, అలుగు నీళ్లు కింది చెరువుకు పోయే కాలువ ఎక్కడ పూడింది, ఎక్కడ దున్ని పొలంలో కలుపుకున్నారు, అన్నీ ఫోన్ జీపీఎస్‌తో గుర్తుపెట్టుకుని వచ్చి క్యూజీఐఎస్‌లో (మ్యాపులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్) గీశాను. చెరువులు ఒక పొర, తూములు ఒక పొర, ఇలా ఒక్కో రకం ఒక్కో లేయర్. ప్రతి చెరువు దగ్గరా నీరటిని (చెరువు నీళ్లు వదిలే మనిషిని) కూర్చోబెట్టి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాం. టేబుల్‌లో ఆ కాలమ్ పేరు ‘నీరటి మాట’. ఇంత పనిలోనూ నాకు అన్నిటికన్నా విలువైనది అదే.

వానలు పడేలోపు కాలువల పూడిక పనికి అంచనాలు వేయాలని నీటిపారుదల ఆఫీసులో ఒక ఇంజినీర్ గారు మ్యాప్ అడిగారు. “మీ లేయర్లు పంపండమ్మా, మా వాటి మీద వేసుకుని చూస్తాం” అన్నారు. ఆయన కంప్యూటర్‌లో ఆర్క్‌జీఐఎస్ ప్రో (డబ్బు కట్టి వాడే మ్యాపుల సాఫ్ట్‌వేర్) ఉంది. పక్క సీటులో ఉండే కుర్రాడి ల్యాప్‌టాప్‌లో క్యూజీఐఎస్ ఉంది. మూడుసార్లు పంపాను, ఒక్కసారి కూడా సరిగా తెరుచుకోలేదు.

మొదటిసారి లేయర్ మీద రైట్ క్లిక్ చేసి, ఎక్స్‌పోర్ట్‌లో ‘సేవ్ యాజ్ లేయర్ డెఫినిషన్ ఫైల్’ అని కనపడితే అదే కాబోలు అనుకుని, వచ్చిన .క్యూఎల్ఆర్ ఫైల్ వాట్సాప్‌లో పంపాను. కుర్రాడు తెరిస్తే లేయర్ల పేర్లు మాత్రం వచ్చాయి, మ్యాప్ తెల్లగా ఉంది. రెండోసారి డి డ్రైవ్‌లో ఉన్న ఫోల్డర్ మొత్తాన్నీ, ప్రాజెక్టు ఫైల్‌నీ పెన్ డ్రైవ్‌లో వేసుకుని నేనే బస్సెక్కి వెళ్లాను. చెరువులు వచ్చాయి గానీ తూముల గుర్తులన్నీ ప్రశ్నార్థకాలయ్యాయి, చెరువుల వివరాల పట్టిక రానేలేదు. ఆయన ముందు నిలబడి “మా దగ్గర బాగానే ఉంది సార్” అని నాలుగుసార్లు అన్నాను.

మూడోసారి ఎవరో చెప్పారని అన్నిటినీ షేప్‌ఫైళ్లు (మ్యాప్ డేటా దాచే పాత రకం ఫైళ్లు) చేసి, ఒక్కో లేయర్‌కి .ఎస్‌హెచ్‌పీ, .ఎస్‌హెచ్‌ఎక్స్, .డీబీఎఫ్, .పీఆర్‌జే నాలుగూ జిప్ చేసి పంపాను. గీతలన్నీ వచ్చాయి. తెలుగు పేర్లున్న చోటల్లా నెత్తిన గీత పెట్టిన ఇంగ్లిష్ ‘ఎ’లు, డిగ్రీ గుర్తులు వరసగా కనపడ్డాయి. కుర్రాడు ఎన్‌కోడింగ్ అని ఏదో మారిస్తే తెలుగు చదవడానికి వచ్చింది. అప్పుడు ‘నీరటి మాట’ చూస్తే నా గుండె ఆగినంత పనైంది. 17వ చెరువు దగ్గర నేను రాసుకున్నది ఇది:

“అలుగు పారితే కింది ఊర చెరువుకు పోదు, ఎడమ పక్క కొత్త రోడ్డు వేసినప్పుడు మోరీ పైపు మూసుకుపోయింది, నీళ్లు మా పొలాల మీదికే వస్తాయి”

వాళ్ల స్క్రీన్ మీద ఉన్నది ‘మూసుకుపోయింది’ దాకానే. పొలాల సంగతే లేదు. వాక్యం అక్కడితో అయిపోయినట్టే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు. ఇలా ఇంకెన్ని చోట్ల తెగిందో తెలియదు.

నా దగ్గర ఆరు వెక్టర్ (గీతలూ చుక్కలతో గీసిన) లేయర్లు (చెరువులు, కట్టలు, తూములు, అలుగులు, కాలువలు, ఆయకట్టు), వివరాల సీఎస్‌వీ (మామూలు పట్టిక ఫైల్) ఒకటి, వెనకాల నేల ఎత్తుపల్లాల రాస్టర్ (గడులుగా ఉండే బొమ్మ) ఒకటి ఉన్నాయి. వీటన్నిటినీ రంగులూ గుర్తులతో సహా ఒకే మూటగా కట్టి పంపే పద్ధతి చెప్పగలరా? నాలుగోసారి కూడా తప్పు పంపితే ఆయన ఇక తెరిచి చూడరేమోనని టెన్షన్‌గా ఉంది.

పాత టోపోషీట్ (జవాబు)

అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. హైదరాబాద్‌లో ఇరవై రెండేళ్లుగా మ్యాపుల పనే నాది. మీకు జరిగినవన్నీ నాకూ జరిగాయి, ఒక్కొక్కటీ ఎందుకు జరిగిందో చెప్తాను.

క్యూజీఐఎస్‌లో లేయర్ అంటే రెండు సంగతులే: డేటా ఫలానా చోట ఉందన్న చిరునామా, దాన్ని ఏ రంగులో ఎలా చూపాలన్న వివరం. చెరువు గట్టు గీత అందులో ఉండదు, అది డిస్క్ మీద వేరే ఫైల్‌లో ఉంటుంది. మీరు మొదట పంపిన .క్యూఎల్ఆర్‌లో ఉన్నది ఆ చిరునామా, ఆ రంగులు, అంతే. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి, మీ డేటా ఫైల్ దారి కళ్లకు కనపడుతుంది. ఆ కుర్రాడి ల్యాప్‌టాప్‌లో ఆ దారి లేదు కాబట్టి తెల్ల మ్యాప్ వచ్చింది. ప్రాజెక్టు ఫైల్ .క్యూజీజెడ్ కూడా అంతే. అది జిప్ అయినా లోపల మీ డేటా ఉండదు.

పెన్ డ్రైవ్‌తో వెళ్లినప్పుడు సగం ఎందుకు వచ్చిందో నేను ఊహించగలను. చెరువులు డి డ్రైవ్‌లో ఉన్నాయి, సీఎస్‌వీ బహుశా సి డ్రైవ్‌లో డాక్యుమెంట్స్‌లోనో డౌన్‌లోడ్స్‌లోనో ఉండి ఉంటుంది. క్యూజీఐఎస్ దారుల్ని ప్రాజెక్టు ఉన్న చోటు నుంచి లెక్కగట్టి రాస్తుంది. ఫోల్డర్‌ను ఎక్కడికి మోసుకెళ్లినా పనిచేయడానికే ఆ ఏర్పాటు. కానీ విండోస్‌లో ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కి అలా లెక్క కుదరదు, పూర్తి దారి రాసేస్తుంది. తూముల గుర్తు కోసం మీరు ఎక్కడి నుంచో ఎస్‌వీజీ బొమ్మ దించుకుని ఉంటారు, ఆ బొమ్మ దొరకకపోతేనే ప్రశ్నార్థకం వస్తుంది.

ఇక మీ నీరటి మాట. నేను కూర్చుని లెక్కపెట్టాను. షేప్‌ఫైల్‌లో అక్షరాలుండేది .డీబీఎఫ్‌లో. అది పాత డీబేస్ కాలపు ఫైల్, ఒక్కో గడిలో 254 బైట్లకు మించి పట్టదు. ఇంగ్లిష్ అక్షరం ఒక బైట్ తింటుంది. తెలుగులో అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు, సున్న, ప్రతిదీ యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్ దాచే పద్ధతి) మూడు బైట్లు తింటుంది. మీ వాక్యంలో ‘అలుగు’ నుంచి ‘మూసుకుపోయింది’ దాకా అలాంటివి 80 ఉన్నాయి, అంటే 240 బైట్లు. మధ్యలో ఖాళీలు 13, కామా ఒకటి. మొత్తం సరిగ్గా 254. తర్వాతి కామా నుంచి గడిలో చోటు లేదు. మీ వాక్యం మాట మధ్యలో తెగకుండా అందంగా తెగడం కేవలం కాకతాళీయం. ఇంగ్లిష్ వాళ్లకు 254 అక్షరాలు పట్టే చోట మనకు 84 పడతాయి, అంతే తేడా.

కాలమ్ పేర్లకు ఇంకా ఇరుకు, పది బైట్లే. మీ టేబుల్‌లో ‘అలుగు పొడవు’, ‘అలుగు ఎత్తు’ అని తెలుగులో రెండు కాలమ్‌లు ఉన్నాయనుకోండి. మూడు గుర్తులకే తొమ్మిది బైట్లైపోయి రెండూ ‘అలు’ దగ్గర తెగుతాయి. రెండిటి పేరూ ఒకటయ్యేసరికి ఒకదాని పేరు సాఫ్ట్‌వేర్ తనకు తోచినట్టు మారుస్తుంది. ఏది ఎత్తో ఏది పొడవో అవతలి వాళ్లు ఎలా కనుక్కుంటారు? ఆ డిగ్రీ గుర్తుల సంగతి చిన్నదే. .సీపీజీ అని ఇంకో బుల్లి ఫైల్ ఉంటుంది, ఈ అక్షరాలు యూటీఎఫ్-8 అని చెప్పేది అదే. మీ జిప్‌లో అది పడలేదు.

కాబట్టి తెలుగు డేటాకు షేప్‌ఫైల్ వాడొద్దని నా గట్టి మాట. జియోప్యాకేజ్ వాడండి. 2014 నుంచి ఓజీసీ (మ్యాప్ డేటాకు ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) ప్రమాణంగా ఉంది, లోపల ఉన్నది ఎస్‌క్యూలైట్ డేటాబేస్. లేయర్లన్నీ ఒకే .జీపీకేజీ ఫైల్‌లో కూర్చుంటాయి, ఈ 254 గొడవ ఉండదు.

చేసే పద్ధతి: ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో డేటాబేస్ కింద ‘ప్యాకేజ్ లేయర్స్’ ఉంటుంది. మీ ఆరు లేయర్లూ టిక్ చేయండి, ఫైల్ పేరు ఇవ్వండి, ‘సేవ్ లేయర్ స్టైల్స్ ఇన్‌టు జియోప్యాకేజ్’ టిక్ ఉందో లేదో చూసి రన్ కొట్టండి. రంగులు, లేబుళ్లు ఆ ఫైల్‌లోనే ఒక టేబుల్‌గా చేరతాయి. అవతల క్యూజీఐఎస్‌లో లేయర్ వేసుకోగానే వాటంతట అవే వస్తాయి. అంతకు ముందు తూముల సింబల్‌లో ఎస్‌వీజీ దారి పక్కన ఉన్న చిన్న బాణం నొక్కి ‘ఎంబెడ్ ఫైల్’ ఎంచుకోండి. బొమ్మ స్టైల్‌లోనే ఇమిడిపోతుంది, ఇక విడిగా పంపక్కర్లేదు.

లేయర్లలో రెండు వేర్వేరు షీట్లు కలిపి చేసినవి ఏమైనా ఉంటే ‘ఎఫ్‌ఐడీ’ అనే కాలమ్‌లో ఒకే నంబర్ రెండుసార్లు పడి ఎర్రర్ రావచ్చు. వస్తే భయపడకండి, ఆ కాలమ్ తీసేసి మళ్లీ నడపండి.

ఉత్తరాంధ్ర సర్వే (జవాబు)

నేను ఆర్క్‌జీఐఎస్ వైపు మనిషిని, విశాఖలో ఉంటాను. ఇంజినీర్ గారి స్క్రీన్ మీద ఏం కనపడుతుందో నేను చెప్తాను.

ఆర్క్‌జీఐఎస్ ప్రోలో మీ .జీపీకేజీ నేరుగా తెరుచుకుంటుంది. లేయర్ పేర్ల ముందు ‘మెయిన్’ అని చుక్కతో కనపడుతుంది, అది మామూలే. తెలుగు అక్షరాలకు ఇబ్బంది లేదు. కానీ క్యూజీఐఎస్ దాచుకున్న స్టైల్ టేబుల్ దానికి అర్థం కాదు. చెరువులు ఆయన దగ్గర ఏదో ఒక రంగులో వస్తాయి. దీనికి దగ్గర దారి లేదు. నేనైతే మ్యాప్‌ని పీడీఎఫ్ చేసి, ఏ గుర్తు దేనికో, ఏ రంగుకు ఏ కోడో ఒక పేజీలో రాసి దానితో పాటు పంపుతాను. ఆయన పది నిమిషాల్లో అక్కడ అవే రంగులు వేసుకోగలరు.

టేబుళ్ల పేర్లు, కాలమ్ పేర్లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టండి. తెలుగు పేరును ఎలియాస్‌గా (పైకి కనపడే పేరుగా) ఇవ్వండి. లోపలి విలువలు తెలుగులో ఎంత ఉన్నా ఫర్వాలేదు. టేబుల్ పేర్లే తెలుగులో ఉంటే కొన్ని టూల్స్ మొరాయించడం నేను చూశాను.

మా వైపు కూడా సరిగ్గా ఇదే కథ. .ఎల్‌వైఆర్‌ఎక్స్ అంటే మీ .క్యూఎల్ఆర్ లాంటిది, డేటా ఉండదు. ఆఫీసుల్లో సగం మంది దాన్నే మెయిల్ చేసి ఊరుకుంటారు, అవతల లేయర్ పక్కన ఎర్ర ఆశ్చర్యార్థకం వస్తుంది. డేటాతో పంపాలంటే ‘ప్యాకేజ్ లేయర్’ టూల్‌తో .ఎల్‌పీకేఎక్స్ చేయాలి. మొత్తం మ్యాప్ అయితే .ఎంపీకేఎక్స్, ప్రాజెక్టంతా అయితే .పీపీకేఎక్స్. ఇంజినీర్ గారు మీ జియోప్యాకేజ్‌కి ఒకసారి రంగులు వేసుకుని .ఎల్‌పీకేఎక్స్ చేసుకుంటే, ఆయన పై ఆఫీసుకు ఆయనే పంపుకోగలరు. సారాంశం, ట్యాగ్‌లు రాయమని అడుగుతుంది, అక్కడ మీ సంస్థ పేరు, సర్వే చేసిన నెలలు రాయమని చెప్పండి. రేపు ఆ డేటా ఎక్కడిదని ఎవరైనా అడిగితే ఆ ఒక్క చోటే జవాబు దొరుకుతుంది.

రేపు ఆయన మీకు తిరిగి .ఎల్‌పీకేఎక్స్ పంపితే కంగారుపడొద్దు. అది 7-జిప్‌తో విప్పుకునే మూటే. లోపల ‘కామన్‌డేటా’ అనే ఫోల్డర్‌లో డేటా ఉంటుంది, .జీడీబీగా (ఆర్క్‌జీఐఎస్ సొంత డేటాబేస్) ఉన్నా క్యూజీఐఎస్ చదువుతుంది. రంగులు రావు, డేటా మొత్తం వస్తుంది.

ఇంకో మాట, మీ ప్రాజెక్టు ఏ కోఆర్డినేట్ సిస్టమ్‌లో (చోట్లను అంకెల్లో కొలిచే పద్ధతి) ఉందో చూసుకోండి. మీ వైపు యూటీఎమ్ (భూమిని నిలువు పట్టీలుగా విడదీసే పద్ధతి) 44 ఉత్తరం, దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644. అది 78 నుంచి 84 డిగ్రీల రేఖాంశాల మధ్యకు. రెండు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం అందులోనే పడుతుంది గానీ మా ఇచ్ఛాపురం 45లోకి పోతుంది, అటు అనంతపురం 43లోకి. ఒకసారి శ్రీకాకుళం జిల్లా పని ఒకటి నా దగ్గరకు వచ్చింది. అందులో సగం లేయర్లు 44లో, సగం 45లో ఉన్నాయి, ఏ సిస్టమో చెప్పే .పీఆర్‌జే ఫైళ్లు ఒక్కటీ లేవు. ఏది ఏదో విడదీయడానికి నాకు మూడు రోజులు పట్టింది. జియోప్యాకేజ్‌లో ఈ సమాచారం ఫైల్ లోపలే ఉంటుంది, విడిపోయి పోగొట్టుకునే ప్రమాదం లేదు.

గొలుసుకట్టు

ఇద్దరికీ చాలా చాలా కృతజ్ఞతలు. లెక్కపెట్టి మరీ చెప్పారు సార్, మా పిల్లలకు చదివి వినిపించాను. మిగతా చెరువుల నీరటి మాటలన్నీ తీసి చూశాం. మొత్తం తొమ్మిది చోట్ల తెగింది.

ప్యాకేజ్ లేయర్స్ నడిచింది, ఎస్‌వీజీ ఎంబెడ్ అయింది. ప్రాజెక్టును కూడా ఆ జియోప్యాకేజ్‌లోకే సేవ్ చేయవచ్చని కనపడి, ప్రాజెక్ట్ మెనూలో ‘సేవ్ టు’ నొక్కి జియోప్యాకేజ్ ఎంచుకున్నాను. సంబరపడి మా అక్క కూతురి ల్యాప్‌టాప్‌లో తెరిచాను. ప్రాజెక్టు తెరుచుకుంది గానీ మళ్లీ లేయర్లు దొరకలేదని పెట్టె వచ్చింది, మళ్లీ అదే డి డ్రైవ్ దారి. డేటా అదే ఫైల్‌లో ఉంది కదా, మరి ఎందుకు వెతుకుతోంది?

ఇంకో వింత. రాత్రి కూర్చుని ఆ జియోప్యాకేజ్‌నే విడిగా తెరిచి 23వ చెరువు కాలువ సరిచేశాను. పొద్దున ఫైల్ కాపీ చేసి ఆ ల్యాప్‌టాప్‌లో చూస్తే పాత కాలువే ఉంది. సేవ్ చేశానని నాకు గట్టిగా గుర్తు.

రాస్టర్ కూడా ఆ జాబితాలో చూపించలేదు.

పాత టోపోషీట్

బస్సెక్కకుండా ఇంట్లోనే చూసుకోవడం మంచి పని చేశారమ్మా.

మొదటి ప్రశ్న. ప్యాకేజ్ లేయర్స్ మీ డేటాకు కాపీ చేస్తుంది, అంతవరకే. మీ ముందు తెరిచి ఉన్న ప్రాజెక్టు మాత్రం పాత ఫైళ్లనే పట్టుకుని ఉంటుంది. మీరు ఆ పాత చిరునామాలున్న ప్రాజెక్టునే తీసుకెళ్లి కొత్త ఫైల్‌లో పెట్టారు. కొత్త ప్రాజెక్టు తెరవండి. జియోప్యాకేజ్‌లోంచి ఆరు లేయర్లూ లాగండి, రంగులు వాటితోనే వస్తాయి. గ్రూపులు, వరస సర్దుకుని, ప్రింట్ లేఅవుట్ కావాలంటే మళ్లీ చేసుకుని, అప్పుడు ‘సేవ్ టు’ చేయండి. లేఅవుట్ మీద చాలా కష్టపడి ఉంటే ఇంకో దారి ఉంది. పాత ప్రాజెక్టులోనే ఒక్కో లేయర్ మీద రైట్ క్లిక్ చేసి ‘చేంజ్ డేటా సోర్స్’తో కొత్త ఫైల్ చూపించి, ఆ తర్వాత సేవ్ చేయండి. ఆరే లేయర్లు కాబట్టి పావుగంట పని. ఒక్క జాగ్రత్త: ప్రాజెక్టు అందులో పెట్టాక మళ్లీ ప్యాకేజ్ లేయర్స్ నడుపుతూ ‘ఓవర్‌రైట్’ టిక్ చేస్తే ఫైల్ మొత్తం కొత్తగా రాస్తుంది, లోపలి ప్రాజెక్టు పోతుంది.

సీఎస్‌వీ వివరాలు చెరువుల లేయర్‌కి జాయిన్ చేసి (చెరువు చూసి పక్కన అతికించి) ఉన్నారనుకుంటాను. జాయిన్‌ని నమ్ముకుని పంపొద్దు. ముందు చెరువుల లేయర్‌ని ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ కాలమ్‌లన్నీ సొంత కాలమ్‌లుగా మారతాయి. ఆ లేయర్‌ని ప్యాక్ చేయండి, సీఎస్‌వీతో ఇక పని ఉండదు.

రెండోది, 23వ చెరువు. మీరు సేవ్ చేసింది నిజమే. క్యూజీఐఎస్ జియోప్యాకేజ్‌ని తెరిచి ఉంచినప్పుడు పక్కన అదే పేరుతో, చివర ‘వాల్’ అనీ ‘ఎస్‌హెచ్‌ఎం’ అనీ రెండు చిన్న ఫైళ్లు పుడతాయి. కొత్త మార్పులు ముందు ఆ ‘వాల్’ ఫైల్‌లో పడి, తర్వాత అసలు ఫైల్‌లో కలుస్తాయి. మీరు క్యూజీఐఎస్ తెరిచి ఉండగానే అసలు ఫైల్ ఒక్కటి కాపీ చేశారు, రాత్రి గీసిన కాలువ ఆ చిన్న ఫైల్‌లోనే ఉండిపోయింది. క్యూజీఐఎస్ మూసేయండి, ఆ రెండు ఫైళ్లూ మాయమవుతాయి. అవి మాయమయ్యాకే కాపీ చేయండి. వాటిని చేత్తో మాత్రం ఎప్పుడూ డిలీట్ చేయొద్దు. నేను ఒకసారి ఏవో టెంపరరీ ఫైళ్లనుకుని తీసేశాను. ఒక వార్డు మొత్తానికి డ్రైనేజీ గీసిన రోజు పని పోయింది. ఆ సాయంత్రం నాకింకా గుర్తుంది, నా దగ్గర పనిచేసే పిల్లలకు మొదటి రోజే ఇది చెప్తాను.

రాస్టర్ జాబితాలో రాకపోవడం సహజం, ఆ టూల్ వెక్టర్ లేయర్లకే. మీరు వాడింది ఎస్‌ఆర్‌టీఎమ్ (నాసా వాళ్ల నేల ఎత్తుల డేటా) 30 మీటర్లది అయితే ఒక డిగ్రీ పలక 3,601 గడుల నిలువు, 3,601 గడుల అడ్డం, కుదించకుండా 26 ఎంబీ దాకా ఉంటుంది. మీ వాగు పరీవాహకం వరకు క్లిప్ చేసి, డిఫ్లేట్ కంప్రెషన్‌తో జియోటిఫ్ (చోటు వివరం ఉన్న బొమ్మ ఫైల్) చేసి, జియోప్యాకేజ్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టండి. చాలా చిన్నదైపోతుంది. వెనకాల ఇంటర్నెట్ మ్యాప్ ఏదైనా వేసి ఉంటే అది ఏ మూటలోనూ రాదు, నెట్ లేని చోట తెల్లగానే ఉంటుంది.

ఇంకొక ల్యాప్‌టాప్ అందుబాటులో లేనప్పుడు నేను చేసే పరీక్ష చెప్తాను. క్యూజీఐఎస్ మూసి, డి డ్రైవ్‌లో అసలు ఫోల్డర్ పేరు చివర ఒక అక్షరం చేర్చండి. ఇప్పుడు మూటలోని ప్రాజెక్టు తెరవండి. పాత దారి ఒక్కటి మిగిలి ఉన్నా వెంటనే బయటపడుతుంది. చూసుకున్నాక పేరు మళ్లీ మామూలుగా మార్చుకోండి.

లేబుళ్లకు ఏ ఫాంట్ వాడారు? ఫాంట్ మూటలో రాదు. మండలి లాంటిది వాడి ఉంటే ఆ కుర్రాడిని దించుకోమనండి, లేదా విండోస్‌తో వచ్చే నిర్మలా పెట్టేయండి.

సీమ వాన (జవాబు)

అక్కా, మీ పని చదివి చాలా సంతోషమేసింది. మేమూ అనంతపురం వైపు కుంటలు, చెరువులు ఇలాగే నడిచి గీస్తున్నాం. సాఫ్ట్‌వేర్ సంగతులు పై వాళ్లు చెప్పారు, నాది వేరే భయం.

నీరటి మాటలతో పాటు ఆయన పేరు, ఫోన్ నంబర్ కూడా రాసుకున్నారా? మేం రాసుకున్నాం. ఆయకట్టు లేయర్‌లో రైతు పేరు, సర్వే నంబర్, ఫోన్, ఒకచోట ఆధార్ చివరి అంకెలు కూడా ఉండేవి. లేయర్ ప్యాక్ చేస్తే ప్రతి కాలమ్ వెళ్తుంది. అట్రిబ్యూట్ టేబుల్‌లో (లేయర్ వివరాల పట్టిక) దాచి ఉంచిన కాలమ్ కూడా వెళ్తుంది, మన స్క్రీన్ మీద కనపడకపోయినా ఫైల్‌లో ఉంటుంది. ఒకసారి మేం పంపిన ఫైల్ ఎవరి చేతుల్లోనుంచో ఒక భూముల వ్యాపారి దాకా పోయింది. ఆయన మా రైతులకు నేరుగా ఫోన్లు చేశాడు. ఆ ఊరికి మళ్లీ వెళ్లినప్పుడు మమ్మల్ని కూర్చోమనే వాళ్లే లేరు.

అప్పటి నుంచి బయటకు పంపేది ఎప్పుడూ కాపీయే. ఆ కాపీలో అక్కర్లేని కాలమ్‌లు తీసేశాకే ప్యాక్ చేస్తాం. 17వ చెరువు నీరటి చెప్పిన మాటలో కొత్త రోడ్డు ప్రస్తావన ఉంది కదా, ఆ మాట ఎవరు అన్నారో రోడ్డు వేసిన వాళ్లకు తెలియాల్సిన పని లేదు. మాట పంపండి, పేరు పంపకండి.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నుంచి లేయర్లు వాడేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. పాస్‌వర్డ్ ప్రాజెక్టులో సేవ్ చేసి ఉంటే అది .క్యూఎల్ఆర్‌లో మామూలు అక్షరాల్లో కనపడుతుంది. ఈ అక్కకు సంబంధం లేదు గానీ, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

గొలుసుకట్టు

చెల్లీ, నువ్వు రాసింది చదివి అప్పటికప్పుడు ఆపేశాను. పేర్లు, ఫోన్ నంబర్లు రెండూ ఉన్నాయి. 41 మంది నీరటి వాళ్లవి, ఆయకట్టులో మూడు వందల పైచిలుకు రైతులవి. పిల్లలతో కూర్చుని కాపీ చేసి, పేరున్న చోట చెరువు నంబర్ మాత్రం ఉంచాం. 17వ చెరువు నీరటి ఊరికి ఫోన్ చేసి, “మీ మాట ఆఫీసుకు పంపుతున్నాం, మీ పేరు లేకుండా” అని చెప్పాను. “పేరున్నా ఏంగాదు బిడ్డా, నీళ్లు మళ్లితే చాలు” అన్నాడు. అయినా తీసేశాను.

తర్వాత టోపోషీట్ సార్ చెప్పినట్టే కొత్త ప్రాజెక్టులో అన్నీ సర్ది, లేబుళ్లు నిర్మలాకు మార్చి, రాస్టర్ క్లిప్ చేసి పక్కన పెట్టాను. క్యూజీఐఎస్ మూసి, ఆ ‘వాల్’ ఫైల్ పోయిందాకా ఫోల్డర్ వంక చూస్తూ కూర్చున్నాను. డి డ్రైవ్ ఫోల్డర్ పేరు చివర ఒక అక్షరం చేర్చి తెరిస్తే ఒక్క లేయర్ రాలేదు, అలుగులు. అది ఒక్కటీ ఇంకా పాత షేప్‌ఫైల్ నుంచే వస్తోంది. ఆ పరీక్ష చేయకపోతే అలుగులు లేని చెరువుల మ్యాప్ వెళ్లేది. దాన్నీ సరిచేశాను. రంగుల కాగితం, పీడీఎఫ్, జియోప్యాకేజ్, రాస్టర్ అన్నీ ఒక జిప్‌గా చేస్తే 14 ఎంబీ వచ్చింది, మెయిల్‌లోనే పోయింది.

నిన్న మధ్యాహ్నం ఇంజినీర్ గారు ఫోన్ చేశారు. ఆర్క్‌జీఐఎస్‌లో ఆరు లేయర్లూ వచ్చాయట, తెలుగు కూడా బాగుందట. మళ్లీ ఏం రాలేదంటారోనని నేను ఎదురుచూస్తుంటే ఆయన అడిగింది వేరు: “అమ్మా, ఈ 17వ చెరువు దగ్గర నీళ్లు పొలాల మీదికి వస్తాయని రాశారు, ఆ మోరీ రోడ్డుకు ఎటు పక్క ఉంది?”

అలుగు నుంచి ఎడమకు, మర్రిచెట్టు దాటాక అని చెప్పాను. సోమవారం పొద్దున వస్తామన్నారు, నన్నూ కట్ట మీదకు రమ్మన్నారు. మోరీ పాయింట్ వేరే లేయర్‌గా గీసి, ఈసారి దాన్ని కూడా మూటలో చేర్చి పట్టుకెళ్తున్నాను.